బాకా రేకులు

అక్టోబరు చివరి వారం. సెయింట్ క్లెయిర్ సరస్సు మీద
రెండు రోజులు గాలి వీచి ఆగింది.
నీళ్లు ఇంకా తేరుకోలేదు,
పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి.
ఒడీల్ వెర్మీర్ష్ బిస్కెట్ల డబ్బా మూత తీసింది.
లోపల ఇత్తడి రేకులు, ఒక్కొక్కటి రెండు వేళ్లంత,
ఒళ్లంతా సుత్తి దెబ్బల గుంటలు.

"ఇది మా నాన్న బాకా."
నేను నవ్వాను. తను నవ్వలేదు.

బెల్జియం వాళ్ల హాల్లో శనివారం రాత్రులు
రెమీ ఊదిన బాకా అట అది.
వారమంతా పొగాకు చేలో వంగిన మనిషి
ఆ ఒక్క రాత్రి నిటారుగా నిలబడేవాడట.
ఒక చలికాలం ట్రక్కు వెనక్కి వస్తూ దాని మీదికెక్కింది.
బాగుచేయించడానికి డబ్బుల్లేవు,
పారేయడానికి చేతులు రాలేదు.
ఉమ్మెత్త పువ్వులా విచ్చిన దాని నోటిని
రేకుల కత్తెరతో కోసి, కొట్టి, చిల్లు పెట్టి
తొమ్మిది చేశాడు. ఇప్పుడు ఐదున్నాయి.
మిగతా నాలుగూ ఏమయ్యాయంటే
చేపల్ని అడగమంటుంది.

నా పని తీగ కట్టడం.
ఉక్కు తీగకి చిన్న కొక్కెం, కొక్కేనికి రేకు,
వెనక ఆరు ఎర్ర పూసలు, తిరుగుడు కీలు,
ఆ వెనక మళ్లీ తీగ, చివర క్రాంక్‌బైట్,
పొట్ట కింద రెండు గాలాలు వేలాడే చెక్కచేప.

మొదటిసారి రేకుని దాని ముక్కుకి ఆనించి కట్టాను.
ఒడీల్ ఏమీ అనకుండా పడవ పక్కన నీళ్లలో వదిలింది.
రేకు గిరగిరా తిరిగింది.
చెక్కచేప మాత్రం ఊగలేదు, ఒరగలేదు,
పెళ్లికొచ్చి అలిగిన వియ్యంకుడిలా బిగుసుకుని వచ్చింది.

"ఊరేగింపు చూశావా ఎప్పుడైనా?
బ్యాండు ముందు. మేరీమాత వెనక.
ట్రంపెట్ వాడు వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చోడు."

విప్పి, మూరెడు ఎడం ఇచ్చి కట్టాను.
ఈసారి రేకు తన దారిన తను మోగింది,
వెనక చెక్కచేప నడుం తిప్పుకుంటూ వచ్చింది.

గంటకి నాలుగు మైళ్లు.
రాడ్డు కొన కొట్టుకుంటోంది, దడ్ దడ్ దడ్.
అది రేకు.
దాని కింద సన్నగా ఇంకో వణుకుందట, అది చెక్కచేప.
నాకు అందలేదు.
వీపు ఇటు తిప్పి కాఫీ వంచుకుంటూ
"ఎడమదానికి గడ్డి పట్టింది" అంటుంది తను.
లాగి చూస్తే గడ్డే.

ఈ మట్టినీళ్లలో మస్కీకి కళ్లతో పనిలేదంటుంది.
పక్కటెముకల వెంట ఉన్న గీతతో వింటుందట.
అంటే రెమీ బాకా ఇంకా ఎవరో వింటున్నారు.
ఇది నేను పైకి అనలేదు.

"మీ నాన్న ఏ పాటలు ఊదేవారు?"
"గుర్తులేదు. ఏది ఊదినా తప్పే ఊదేవాడు."

నాలుగు గంటలు గడిచాయి.
ఇనుప ఖనిజం మోసే ఓడ ఒకటి దూరంగా,
వీధి వీధంతా కదిలిపోతున్నట్టు, పోయింది.
వేళ్లు నావి కాకుండా పోయాయి.

అప్పుడు దడ ఆగింది.
గడ్డి అనబోయాను.
గడ్డి రీలుని అలా ఏడిపించదు.

వలలోకి వచ్చాక గానీ చేప మొత్తం కనబడలేదు.
నా భుజం దాకా ఉంటుంది, నిలబెడితే.
చెక్కచేప దవడ లోపల,
రేకు పెదవి చివర బయట వేలాడుతూ
బులాకీలా మెరిసింది.
ఒడీల్ చేతి తొడుగులు విప్పేసింది,
గాలాలు కోసింది, ఫోటో వద్దంది.
తోక మొదలు పట్టుకుని నీళ్లలోనే నిలిపింది,
అది తన చేతిని విదిలించేదాకా.

రేకు మీద కొత్త గుంట. సుత్తిది కాదు,
పంటిది. అంచు కొంచెం వంగింది.
శ్రావణం తీసి సాపు చెయ్యబోయాను.
"ఉండనీ."

మళ్లీ నీళ్లలో వదిలాం.
దడ్ దడ్ కాదిప్పుడు. దడ్, ద, దడ్,
ఒక అడుగు తడబడుతూ.
ఒడీల్ రాడ్డు మీద రెండు వేళ్లు ఆనించి
చాలాసేపు తియ్యలేదు.

"ఇలాగే ఊదేవాడు" అంది.