శుక్రవారం అంకె

నలభై ఏళ్లు డెల్ఫ్‌జైల్ లాకుల దగ్గర
నీటిమట్టం రాసిన చెయ్యి.
ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి
గాజుతొట్టిలో ప్రోబు ముంచుతోంది.

అంకెకి తొందర లేదు.
ఆరు. అయిదు. నాలుగుంబావు.
ఇంకా దిగుతోంది.

సాయంత్రం చూడాలి ఈ మొక్కల వైభోగం!
ఆకు అంచున ఆవగింజంత బుడగలు
ఒక్కొక్కటే పైకి జారుతుంటే
తొమ్మిది దాటుతుంది ప్రాణవాయువు.
దీపం ఆరిందా,
పగలిచ్చిన అప్పు
అదే ఆకు రాత్రంతా వసూలు చేసుకుంటుంది.

సరే, అది రోజూ ఉన్నదే.
శుక్రవారం మాత్రం మూడుకి పడిపోవడమేమిటి?
చేపలన్నీ పైకొచ్చి
నీటి మీగడని చప్పరిస్తున్నాయి.

వీబ్రెన్ ఎరువు మానేశాడు.
మేత తగ్గించాడు.
పాపం, రొయ్యల్ని కూడా అనుమానించాడు.

ఇవాళ ఎందుకో గాలిపంపు మీద చెయ్యేశాడు.
రాత్రంతా తిరిగిన పంపు
ఇంత చల్లగా ఉండదు.

చిట్స్కెకి శుక్రవారం బేకరీలో తొలి షిఫ్టు.
గురువారం రాత్రి నిద్ర కావాలి.
ఇంట్లో రెండు గురకలు,
ఒకదానికే స్విచ్చుంది.
ఆపి పడుకుంటుంది, వెళ్తూ మళ్లీ వేస్తుంది.

అడగలేదు.
ఫిల్టరు గొట్టం మూతిని వేలెడు పైకి తిప్పాడు,
చప్పుడు లేకుండా
నీటి ముఖం ముడతలు పడేంత.

మరుసటి శుక్రవారం
నోటుపుస్తకం తెరిస్తే
తన గీతకి పైన ఇంకో గీత,
వాలుగా, పెన్సిలుతో:
మూడు నలభై. అయిదున్నర.
చేపలు కిందే ఉన్నాయి.