చిల్లర చెట్టు

లియెపాయాలో గాలికి సెలవు లేదు.
బాల్టిక్ మీద నిద్ర లేచి
ట్రాము పట్టాల వెంబడే ఊళ్లోకి నడిచొచ్చి
మా నాలుగో అంతస్తు కిటికీ సందుల్లో ఈల వేస్తుంది.

ఆ కిటికీ పక్కన, నా తలకి జానెడు పైన దాని తల,
వెల్టా గారి జేడ్ మొక్క.
మొక్క అనడానికి నోరు రాదు నాకు.
కాండం నా మణికట్టుకన్నా లావు,
బెరడు ముసలి ఏనుగు మోకాలు,
ఆకులు మాత్రం
ఇప్పుడే నూనె రాసి వదిలిన పసిబుగ్గలు.

ఆవిడ ముప్పై ఏళ్లు ట్రాములో టిక్కెట్లు కొట్టింది.
ఆ ట్రామునే ఇప్పుడు నేను నడుపుతున్నాను.
ఊరికి ఉన్నది ఒకటే లైను,
కాబట్టి మా ఇద్దరికీ తెలిసిన మలుపులు అవే.

"ఇంత ఎత్తు ఎలా పెంచారండీ?"
"పెంచలేదు.
నీళ్లు పోయాలనిపించినప్పుడల్లా
నేను టీ పెట్టుకున్నాను."

కాసేపాగి, అడగనివి కూడా చెప్పింది.
ఆకుని వేలితో నొక్కి చూడు.
గట్టిగా ఉందా, దానికి దాహం లేదు,
నీకే పొద్దుపోక పోస్తున్నావు.
కాస్త ముడత పడ్డాక పొయ్యి,
కుండ అడుగున కారేదాకా పొయ్యి, ఇక మర్చిపో.
మట్టిలో సగానికి సగం ఇటుకముక్కలుండాలి.
ఆదివారం ఆదివారం పావు చుట్టు తిప్పాలి,
లేదంటే వెలుతురు వైపే ఒరిగి ఒరిగి
పక్కింటి గొడవలు వినే నాలాంటిదైపోతుంది.

పొడుగు కావాలంటే ఒక్క కాండాన్నే నమ్ముకో.
కింది చిగుళ్లు లేతప్పుడే గిల్లెయ్, జాలిపడకు.
నేను పడ్డాను ఒకసారి, అంటూ
కాండం మీద గుండ్రటి మచ్చ చూపించింది.
ఆలస్యంగా కోసిన కొమ్మట.
పన్నెండేళ్లైనా ఆవిడ వేలు
దాన్ని పట్టి పట్టి తడుముతోంది.

మార్చిలో కుండ పగిలింది.
నేను కాండాన్ని బిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాను,
ఆవిడ పెంకులు విప్పింది.
వేళ్ల మధ్య నుంచి గలగలమని
పాత పేపరు మీద రాలింది చిల్లర.

ఇక్కడ దీన్ని డబ్బు చెట్టంటారు.
జీతం వచ్చిన రోజు ఒక నాణెం మట్టిలో దోపడం ఆచారం.
పైన యూరో సెంట్లు, ఇంకా మెరుస్తున్నవి.
వాటి కింద లాట్స్, సాల్మన్ చేప బొమ్మతో.
అట్టడుగున కొపెక్కులు, కొడవలీ సుత్తీ
పచ్చటి చిలుములో కలిసిపోయి.
చేపలకీ కొడవళ్లకీ నడుమ
నాలుగు వేళ్ల మందాన ఉత్త మట్టి.

"ఇక్కడేం లేదేం?"
"అప్పుడు కాగితపు రూబుళ్లు. పాతిపెడితే కుళ్లేవి.
పాతడానికైనా ఉండాలిగా, చేతిలో చిల్లిగవ్వ లేదు.
ఆ చలికాలం గది వెచ్చబెట్టుకోలేకపోయాను.
అప్పుడే పూసింది ఇది.
తెల్లటి చుక్కలు, కొమ్మకొమ్మకీ.
చలి తగిలితే గాని పూయదని తర్వాతెవరో చెప్పారు.
నేను మాత్రం ఆ రాత్రి
కోటు వేసుకుని దాని పక్కనే కూర్చుండిపోయాను."

లెక్కపెట్టాం. చెల్లే నాణేలన్నీ కలిపినా
ట్రాము టిక్కెట్టుకి తక్కువే.
"మరి ఈ చెట్టు మీకు తెచ్చిందేమిటి?" అన్నాను,
ఎగతాళిగానే.

"నాకు తేవడమేమిటి పిల్లా,
నేనే దానికి బరువిచ్చాను.
ఇంత ఎత్తు, ఈ గాలి,
అడుగున ఇనుమూ రాగీ లేకపోతే
ఎప్పుడో బోర్లాపడేది."

కొత్త కుండలో కొపెక్కులే ముందు పరిచింది,
తర్వాత చేపలు, తర్వాత సెంట్లు,
మధ్యలో ఆ నాలుగు వేళ్ల మట్టిని
అలాగే, ఖాళీగా, కొలిచి మరీ వేసింది.

రాలిన ఆకొకటి నా జేబులో వేసింది వస్తుంటే.
కోసిన చోటు ఆరనియ్యి, తొందరేం లేదంది.
ఇప్పుడది నా ట్రాము అద్దం ముందు
మూత తీసిన చేపల డబ్బాలో పడుకుని ఉంది.
ఇవాళ పొద్దున్న, రేవు మలుపు దగ్గర,
చివర గులాబీరంగు దారమొకటి కనిపించింది.

వెనక సీట్లో ఎవరో నీళ్ల సీసా తీశారు.
నేను థర్మాసు మూత తిప్పి
టీ పోసుకున్నాను.