గురిగింజెత్తు

మంగపేట దాటినంక తారు రోడ్డు అయిపోయింది.
ఇసుక మొదలైన కాడ హ్యాండ్‌బ్రేక్ లాగిన.
సరోజన దిగి, చక్రాల కింద రెండు రాళ్లు పెట్టి
"ఇగ ఇదే మన ఇల్లు" అన్నది
వాకిట్ల చాట దులిపినట్టు చేతులు దులుపుకుంట.

ముప్పై రెండేండ్లు గూడ్సు బండి తోకకు
బ్రేక్ వ్యాన్‌ల కూసొని పోయినోణ్ని.
కాజీపేట నుంచి బల్హార్షా దాకా
గోదావరిని వంతెన మీదికెంచే చూసిన
ఇనుప కమ్మీల నడుమ, ముక్కలు ముక్కలుగ.
ఒక్కనాడన్నా కాళ్లు తడవలే.

ఈ వ్యాను ఆమె గాజులు.
రెండు జతలు అమ్మితే వచ్చిన పాత టెంపో.
లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి,
నేత చీర చింపి కుట్టిన పరదాలు.
ఎవరన్నా అడిగితే ఆమె కారవాన్ అంటది.
నేను డబ్బా అంట.

రేవుకాడ పది గుడారాలు, ఒక నల్లా, దగ్గుకుంట ఒక జనరేటరు.
కట్టెల పొయ్యి మీద చాయ పెట్టేది పాయం ఎర్రమ్మ.
ఇక్కడ బంగారం దొరుకుతదట కదా అని
పక్క గుడారం పిలగాడు అడిగితే
నవ్వలే. గుడిసె చూరుల నుంచి
ఒక కట్టె మరిగె తీసుకొచ్చింది.
అంచులు అరిగి అప్పడమంత పలుచన.
"మా అవ్వది."

మోకాళ్ల లోతున నిలబడి చూపెట్టింది.
"ఊపుడు కాదు పిలగా, జోకొట్టుడు.
తేలికది దానంతటదే పోతది.
నల్లది అడుగుకు దిగుతది.
ఆ నలుపుల, రాత ఉంటే, ఒక పచ్చని కన్ను.
పొద్దుగూకేదాక తిప్పితే గురిగింజెత్తు.
సావుకారి తక్కెట్ల పడంగనే అది సగమయ్యేది.
దానికి ఉప్పు, ఎండు మిరపకాయలు, దోసెడు నూకలు.
సచ్చేదాక మా అవ్వ చెవులకు
ఈనెపుల్లలే ఉండె."

సరోజన కొంగు దోపి నీళ్లల్లకు దిగింది.
మరిగె తిప్పుతున్న మణికట్ల మీద
గాజులున్నంత మేర
ఎండ తగలని తెల్లటి గీత.
నేను ఒడ్డు దిక్కు మళ్లిన.
ఎంతసేపటికో కేక: "మెరిసింది!"
ఎర్రమ్మ వేలితో ఒత్తి చూసి
"కాకిబంగారం" అన్నది.
"కాకి ఎన్నడు పెట్టుకున్నదమ్మా బంగారం?"
అని సరోజన నవ్విన నవ్వుకు
అద్దరిన కొంగలు లేచిపోయినయి.

రాత్రి నిద్ర పట్టలే.
వెనక బాట మీద ఇసుక లారీలు,
కప్పిన తాడిపత్రి కింద నీళ్లు కారుకుంట.
వ్యాగన్లు లెక్కపెట్టిన పాణం కదా, లెక్కపెట్టిన.
నలభై ఒకటి.
ఎర్రమ్మ అవ్వ బతుకంత జల్లించినా ఒడువని ఏరు
జల్లించకుండనే పోతున్నది.
నలభై ఒక్కదానిల
ఒక్కదానికన్నా తోక దీపం లేదు.

తెల్లారి చాయల చక్కెర అయిపోయింది.
ఎర్రమ్మ డబ్బా అడుగున గీకి
ఇంత బెల్లంగడ్డ తీసి
"ఇగో, బంగారం" అని సరోజన అరచేతుల పెట్టింది.
నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.
ఈ అడవిల తల్లులకు మొక్కేది గురిగింజెత్తు కాదు,
నిలువెత్తు.
తక్కెట్ల ఒక దిక్కు మనిషి, ఒక దిక్కు బెల్లం.
సావుకారి లేని తూకం.

పైసలిస్తే చాయకే తీసుకున్నది, బెల్లానికి తీసుకోలే.

సరోజన చక్రాల కింది రాళ్లు తీసి
దొరికిన కాడనే పెట్టింది.
కాకిబంగారం మాత్రం కొంగున ముడేసుకున్నది.
ఎందుకని అడుగలే.
ఇంజన్ మీద చెయ్యేసి మళ్ల దిగిన,
అలవాటు పోదు కదా,
వెనకకు నడిచి చూసిన
ఎర్ర దీపం వెలుగుతున్నదా అని.
వెలుగుతున్నది.