నీళ్లకు పద్దు లేదు

షార్జాల మా క్యాంపున్న జాగ పేరు సజా.
పేరు విన్ననాడే ఉర్దూ తెలిసినోళ్లం నవ్వుకున్నం,
శిక్ష పడ్డంక ఊరి పేరుతోని పనేందని.

పోయిన ఏడు మార్చిల
ఏదో కంపెనీవాళ్ల ధర్మనిధి నుంచి
అరవై మొక్కలకు గ్రాంటు వచ్చింది.
మొక్కకు ఇన్ని దిర్హములు, గుంతకు ఇన్ని,
మన్నుకు, ఎరువుకు, ఫొటోలు తీసేటోనికి,
దాత పేరున్న స్టీలు బోర్డుకు ఇన్ని.
స్టోర్ కీపర్ దేవవరం, అమలాపురం దిక్కు మనిషి,
కాయితం అటు తిప్పి ఇటు తిప్పి
"నీళ్లకి పద్దే లేదండీ బాబూ" అన్నడు.

ఏడో గడిల ఒక ప్రశ్న ఉండె:
ఒక్కో చెట్టుతోని లాభపడే మనుషులెందరు?
క్యాంప్ బాస్ హానీ గడ్డం గోక్కుంట
మంచాలు లెక్కవెట్టి, అరవైతోని భాగించి
ముప్పై ఏడున్నర అని రాసిండు.
ఆ అర మనిషి ఎవడని
నైట్ షిఫ్టోళ్లు వారం రోజులు కొట్లాడుకొని
సగం జీతం బాకీ ఉన్నోడే అని తేల్చిండ్రు.

ట్రక్కు దిగిన మొక్కల్ని చూస్తే
నాకు మాట పడిపోయింది.
నర్సరోడు "గాఫ్, గాఫ్" అంటున్నడు.
సన్నటి ఆకు, చిన్న ముల్లు,
వంచితే మళ్లా లేస్తున్న మొండి కొమ్మ.
అరే, జమ్మి!
నాకన్న ఎన్నేండ్ల ముందుగాల వచ్చిందో,
ఏ ఏజెంటుకు పైసలు కట్టిందో,
ఈ ఇసుకల వేరు దించుకొని, పేరు మార్చుకొని
నెమ్మదిగ కూసున్నది.

నీళ్ల సంగతి ఏసీలు చూసుకున్నయి.
కిటికీకొక ఏసీ, ఏసీ కిందొక పెయింటు డబ్బ.
రూముల ఎనిమిది మందిమి రాత్రంత విడిచిన ఊపిరి,
తీగె మీది బనీన్ల తడి, పోశెట్టి గురక
బొట్టు బొట్టు డబ్బలకు దిగేది.
పొద్దుగాల నాలుగున్నరకు, బస్సు రాకముందు,
మా ఊపిరి మేమే మోసుకపోయి చెట్టుకు పోసినం.

దసరా నాటికి మోకాలెత్తు.
ఆకు తెంపితే చెట్టు సచ్చిపోతదని హానీకి భయం.
మనిషికి ఒక్కటే అని షరతు పెట్టిండు.
ఒక్క రెమ్మ కాదు, ఒక్క ఆకు. గోరుల సగం.
"బంగారం" అని చేతుల పెట్టి
ఒకల్నొకలం అలుముకున్నం.
పెషావర్ డ్రైవర్ గుల్ జమాన్
లైటు కిందికి తీస్కపోయి తిప్పి తిప్పి చూసిండు.
సిల్హెట్ పిలగాడు షఫీకుల్
ఫోను కవరు వెనుక దాసుకున్నడు,
ఇంకా ఉన్నది, గోధుమ రంగుకు తిరిగి.

ఏడాదికి లెక్క చూసేటందుకు ఒకామె వచ్చింది.
నూటికి ఎనబై బతికితేనే ఆఖరి కిస్తు.
అంటే నలబై ఎనిమిది.
ఆగస్టు గాడ్పు మింగినయి పోను నలబై ఏడు.
ముందు రాత్రి పోశెట్టి
సి బ్లాకు ముంగట ఎండిన పుల్లకు
పచ్చ కొమ్మొకటి దారంతోని కట్టిండు.
ఆమె వంగింది. ముడి మీద వేలు పెట్టింది.
వరుసగ నిలబడ్డ మా మొఖాలు చూసింది.
అరబ్బీల ఏమో రాసుకున్నది.
కిస్తు రాలె.
రాదని గూడ ఎవ్వరు చెప్పలె.
పద్దు ఆగిందని చెట్లకెవరన్న చెప్పిండ్రా,
అవి మాత్రం పెరుగుతనే ఉన్నయి.

పగటీలి ఎండకు పని బందున్న మూడు నెలలు
చెప్పు విడిచి నీడ కొలుస్త.
పోయిన ఎండకాలం ఒక్క చెప్పంత.
ఈ ఎండకాలం జోడంత.
మనిషి ఒరుగేంత నీడకు
పదేండ్లన్న పడ్తదని నర్సరోని మాట.
నా వీసా ఇంకెనిమిది నెలలు.

నా మంచం మీదికి వచ్చేటోడు
ఏ దేశపోడో, ఏం భాషోడో.
అందుకే డబ్బ మీద మేకుతోని గీకి పెట్టిన:
23.
చెట్టు కింద రాయి మీద గూడ అదే.
అంకెలైతే ఎవనికన్న తెలుస్తయి.