ఆయ్

బలుసుతిప్ప దారిలో తొమ్మిదో చెరువు గట్టున
వెదురు గెడకి బిగించాను మొదటి పెట్టెని.
నీళ్లలో ఊపిరి ఎంత మిగిలిందో కొలవడం దాని పని.
తెల్లారగట్ల, రొయ్య పైకి తేలకముందే
ఒక చిన్న మాట పంపుతుంది.
ఆ మాట ఏరు దాటి
తుఫాను షెల్టరు కింద జనరేటరు గదిలో
కొప్పాడి వీర్రాజు తలగడ పక్కన గంటై మోగాలి.
తిప్ప మీద సెల్ సిగ్నల్ చుట్టపుచూపుగా వస్తుంది,
దాన్ని నమ్ముకోలేం.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను.
మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీశాను.
గట్టు నుంచి షెల్టరు కప్పుకి
ఏటి మీదుగా తిన్నగా, ఒక్క గెంతు.
మిట్టమధ్యాహ్నం పరీక్షిస్తే దివ్యంగా దాటింది.
ఆ రాత్రే మంచు దిగింది. పోటెక్కింది.
తడిసిన మడ ఆకులు మాటని తాగేశాయి.
పదకొండు సార్లు అరిచింది తొమ్మిదో చెరువు,
పన్నెండోసారి వినపడింది.
పొద్దున గట్టు పొడుగునా
తెల్లగా, వరసగా, రొయ్య.

పెసంగి అప్పాయమ్మ చేపల తట్ట దించి
నా గీత వంక చూసి నవ్వింది.
"అడ్డదారిన పడితే తొడలదాకా దిగబడతావమ్మాయ్.
గట్టెంట పో. నాలుగు మలుపులైనా
కాలు తడవదు."

గెంతులు లెక్కపెట్టడం ఆ రోజుతో మానేశాను.
ఎన్నిసార్లు చెబితే ఒకసారి అందుతుందో
అదీ దూరమంటే.
మా వైపు ఏం చెప్పినా ముందు "ఆయ్" అంటారు కదా,
పెట్టెలకీ అదే నేర్పాను.
మాట అందిందా, ఆయ్ అను.
ఆ ఆయ్ వెనక్కొస్తేనే మాట దాటినట్టు.
అవతలి ఒడ్డుది ఒకటి అన్నీ వింటుంది,
గొంతు మాత్రం ఏటి సగంలోనే ఆగిపోతుంది.
విన్నదో లేదో తెలియక
ఇవతలిది చెప్పిందే చెబుతుంది, చెప్పిందే చెబుతుంది.
ఇలాంటి ఇంట్లో నేనూ కొన్నాళ్లున్నాను.

కొత్త దారి వంకర.
గట్టు మీంచి మేత కొట్టానికి,
అక్కణ్ణుంచి ఏరు సన్నబడే చోట పంటు రేవు దీపస్తంభానికి,
ఐసు ఫ్యాక్టరీ కప్పుకి, చివరికి షెల్టరుకి.
నాలుగు గెంతులు.
ఒక్కోదానికి ఒక్కసారి చెబితే చాలు,
మంచు బాగా కురిస్తే రెండు.

పదిహేను రోజులు గంట వేళకి మోగింది.
పదహారో రోజు ఐసు ఫ్యాక్టరీ పెట్టె పలకలేదు.
నిచ్చెనెక్కి విప్పి చూశాను.
తుప్పు లేదు, తీగ తెగలేదు. అలిసిపోయింది, అంతే.
ముప్పై ఒక్క చెరువుల మాటా
దాని భుజం మీదుగానే నడిచింది.
పైన ముసురు, సోలారు పలకకి గుప్పెడు ఎండ లేదు.
"పలికేవాణ్ణే పిలుస్తారందరూ,"
అప్పాయమ్మ మంచు గడ్డలు తట్టలో సర్దుకుంటూ అంది.
"మా వీధిలో ఎవరికి జొరమొచ్చినా
మా కోడలే గుర్తొస్తది."

లెక్క మళ్లీ రాశాను.
దారి ఖరీదులో అలుపుని కూడా కలిపాను.
బ్యాటరీ సగానికి పడితే
ఆ పెట్టె ఉన్నచోటే ఉండి దూరం జరుగుతుంది.
మాటలు వేరే గుమ్మం వెతుక్కుంటాయి.
కొన్ని చుట్టూ తిరుగుతాయి, తిరగనీ.

నిన్న చిట్టా తీశాను.
రాత్రి మూడూ పద్నాలుగుకి తొమ్మిదో చెరువు మాట
ఐసు ఫ్యాక్టరీని పడుకోనిచ్చి
నేనెప్పుడూ గీయని దారి పట్టింది.
రేవు నుంచి అప్పాయమ్మ ఇంటి రేకు మీదికి.
అద్దెగా చారెడు రొయ్యలకి ఒప్పుకుని
కోళ్లగూడు పైన పెట్టనిచ్చిన పెట్టె అది.
మూడూ పదిహేనుకి
చెరువులో చక్రాలు నురగ కక్కాయి.

పొద్దున్నే రేవులో చెప్పాను ఆమెకి,
రాత్రి తొమ్మిదో చెరువు
మీ ఇంటి మీదుగానే ఊపిరి పీల్చుకుందని.
"ఆయ్" అంది.
వంగి, తలగుడ్డ చుట్ట సర్దుకుని,
తట్ట రెండో అంచు పట్టుకోమని
నా వంక చూసింది.