ఖాళీ గొట్టాలు

సోహార్‌లో కొత్త మార్కెట్ పార్కింగు కింద
నలభై ఎనిమిది గొట్టాలు పరిచాం.
అన్నీ ఖాళీవే.

"మరి కార్లేవి?" అన్నాడు పోశాలు.
"వస్తాయి, పదిహేనేళ్లకు."
బద్రియా మేడం డ్రాయింగు మీద
ఇంకా లేని చార్జర్లను వేలితో లెక్కపెట్టింది.
రోడ్డవతల పెట్రోలు బంకు
ఎండలో వాసనై వణుకుతోంది.

ప్రతి గొట్టంలో ఒక నైలాన్ తాడు దూర్చి
కొసలు మూతలకు కట్టి వదిలేయాలి,
ఎప్పుడో ఎవరో కేబుల్ కట్టి లాక్కోవడానికి.

నా వీసా ఇంకో పదకొండు నెలలే.
అయినా బొక్కెనకు వేసే ముడే వేశాను,
నీళ్లు తోడేవాళ్లెవరో తెలియని బావికి.

ఇసుక కప్పేముందు, ముప్ఫై ఆరో గొట్టం దగ్గర
నా చేతిలో తాడు ఉలిక్కిపడింది.
అవతలి కొస ఎవరో గుంజుతున్నారు.
"ఎవర్రా అది?" అని అరిచాను.

గొట్టంలోంచి పోశాలు గొంతు:
"రెండువేల నలభై!"