కామా తర్వాత

హల్‌లో చేపల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి
రాత్రి బడికొచ్చారు. ఎంత రుద్దినా
చేతులకింకా ఉప్పు వాసన.

బోర్డు మీద 'ఇఫ్' రాసింది ఓల్డ్‌రాయిడ్ టీచరు.

వాన పడితే బస్సు ఆలస్యమవుతుంది.
ఇది తేలికే. ఈ ఊళ్ళో రోజూ పడుతుంది.

లాటరీ తగిలితే?
"ఫోర్‌మన్‌ని కొంటా,
తెల్లారుజామున మూడింటికి లేపుతా."
హేమిన్ మాటకి క్లాసంతా ఒకటే నవ్వు.

మూడో రకం
జరిగిపోయినవాటికి.
సెలమావిత్ మార్కరు అందుకుంది,
అక్షరానికో ఊపిరి తీసుకుంటూ రాసింది:
'అరువు సైకిలు ఈ పూటే ఇచ్చి రమ్మని
తమ్ముణ్ణి నేను పంపకపోయి ఉంటే,'

చెయ్యి అక్కడే ఆగింది.
హీటరు టిక్కుటిక్కుమంటోంది.
రెండో సగం ఏదని
ఎవరూ అడగలేదు.

"కామా సరైన చోటే పెట్టావు"
అంది టీచరు చాలాసేపటికి.
ఆ ఒక్కదానికే
రైటు కొట్టింది.